చలికాలపు చర్మం: నీటి జమాఖర్చు

అరికాలిలో కాయ కాచిన చోటు నుంచి తీసిన మందపాటి చర్మపు ముక్క ఒకటి, వంచబోతే విరిగేంత పెళుసుగా ఎండిపోయి ఉందనుకుందాం. దాన్ని మళ్లీ మెత్తబరచడానికి ఏం చేయాలని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా నూనె రాయమంటారు. ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త సరిగ్గా ఈ సంగతినే ప్రయోగానికి పెట్టి, 1952లో తన ఫలితాలను ప్రచురించాడు. ఎండిన ముక్కలను నూనెల్లో, జిడ్డు పదార్థాల్లో ఉంచినా అవి పెళుసుగానే ఉండిపోయాయి. నీటి తేమ అందిన ముక్కలు మాత్రం మెత్తబడి, విరగకుండా వంగాయి. చర్మపు పై పొరను మెత్తగా ఉంచేది నీరేనని, ఆ పొరలో నీటి పాలు సుమారు 10 శాతం కంటే తగ్గితే అది బిరుసెక్కి పగులుతుందని ఆ పరిశీలనల వల్ల తేలింది.

అలాగని నూనెకు పనే లేదని కాదు. ఆ పని ఏమిటన్న దగ్గరే చిక్కంతా ఉంది. చలికాలంలో ఒళ్లంతా తెల్లగా పొట్టు లేవడం, గోరుతో గీస్తే కాళ్ల మీద గీత పడడం, రాత్రి పక్క మీదికి చేరగానే దురద మొదలవడం, మడమలూ పెదవులూ పగలడం, ఇవన్నీ చర్మంలోని నీటి జమాఖర్చులు తారుమారు కావడం వల్ల వచ్చేవే. సబ్బు, స్నానపు వేడి, గదిలోని గాలి, మనం పూసుకునే నూనెలూ క్రీములూ అన్నీ ఆ లెక్కలో ఏదో ఒక పద్దు కింద చేరతాయి. ఏది జమ, ఏది ఖర్చు, ఏది కేవలం ఖర్చుకు అడ్డుకట్ట అన్నది తెలిస్తే, ఏ డబ్బా కొనాలన్న ప్రశ్న దానంతటదే చిన్నదైపోతుంది.

ఇటుకలూ సిమెంటూ

చర్మంలో అన్నిటికంటే పైనుండే పొరను వైద్యులు స్ట్రాటమ్ కార్నియం అంటారు. అరచేతులు, అరికాళ్లు మినహాయిస్తే శరీరంలో చాలాచోట్ల దాని మందం 0.01 నుంచి 0.02 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే మామూలు కాగితంలో అయిదో వంతుకు మించదు. అంత పలచని పొరలోనే 15 నుంచి 20 వరసల్లో చదునైన మృతకణాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. ఈ అమరికను ఇటుక గోడతో పోల్చి చెప్పడం 1980లలో పీటర్ ఎలియాస్ అనే చర్మవైద్యుని రచనలతో బాగా వాడుకలోకి వచ్చింది. కణాలు ఇటుకలు, వాటి మధ్య సందులను పూడ్చే కొవ్వు పదార్థాలు సిమెంటు. ఆ సిమెంటులో దాదాపు సగం బరువు సెరమైడ్లు అనే కొవ్వులది, మిగిలినదాంట్లో ముఖ్యమైనవి కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా ఆపేది ప్రధానంగా ఈ సిమెంటే. అది చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు కూడా, చెమటతో నిమిత్తం లేకుండా, రోజుకు 300 నుంచి 400 మిల్లీలీటర్ల నీరు మనకు తెలియకుండానే చర్మం గుండా గాలిలో కలుస్తూ ఉంటుంది. సిమెంటు బీటలు వారితే ఈ ఖర్చు పెరుగుతుంది.

ఇక జమ సంగతి. ఇటుకల్లాంటి ఆ కణాల లోపల నీటిని పట్టి ఉంచే చిన్న చిన్న అణువులు ఉంటాయి: అమైనో ఆమ్లాలు, యూరియా, లాక్టిక్ ఆమ్లపు లవణాలు వంటివి. వీటన్నిటినీ కలిపి సహజ తేమకారకం అంటారు. ఇందులో పెద్ద భాగం ఫిలాగ్రిన్ అనే ఒక ప్రోటీన్ ముక్కలు ముక్కలుగా విడిపోవడం వల్ల తయారవుతుంది. ఫిలాగ్రిన్‌ను తయారుచేసే జన్యువులోని లోపాలే కొందరిలో పుట్టుకతో వచ్చే చేప పొలుసుల వంటి చర్మానికి కారణమని, అవే ఎగ్జిమాకు, అంటే దురదతో ఎర్రబడే చర్మవ్యాధికి, కూడా దారితీస్తాయని 2006లో బయటపడింది. ఒకే ఇంట్లో, ఒకే సబ్బు వాడే అన్నదమ్ములిద్దరిలో ఒకరి చర్మం చలికాలమంతా నిగనిగలాడుతూ, రెండోవారిది బూడిద పూసినట్టు ఉండడానికి కారణం కొన్నిసార్లు ఇంత లోతున ఉంటుంది. అలాంటివారికి మీరు సరిగ్గా శ్రద్ధ తీసుకోవడం లేదని చెప్పడం అన్యాయం.

ఇక్కడ ఒక గందరగోళాన్ని విడదీయాలి. ముఖం మీద జిడ్డుగా తగిలే నూనె వేరు, ఇప్పుడు చెప్పుకున్న సిమెంటు వేరు. మొదటిది రోమకూపాల పక్కనుండే తైలగ్రంథుల నుంచి ఊరుతుంది. రెండోది పై చర్మపు కణాలే స్వయంగా తయారు చేసుకుంటాయి. అందుకే ముఖం జిడ్డోడుతూ, మొటిమలతో ఉన్న మనిషికి కూడా బుగ్గల మీద పొట్టు లేవవచ్చు. జిడ్డు చర్మం కాబట్టి నాకు మాయిశ్చరైజర్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. అయితే తైలగ్రంథులకు ఈ కథలో పాత్రే లేదనీ అనలేం: అవి తక్కువగా ఉండే కాళ్లు, ముఖ్యంగా మోకాలి కింద ఎముక తగిలే ముందు భాగం, అసలే లేని అరచేతులు, అరికాళ్లు ముందుగా ఎండుతాయి.

చల్లని గాలి ఎందుకు పొడిగాలి అవుతుంది

చలికి చర్మం ఎండుతుందని అందరమూ అంటాం గాని, చలి ఎక్కువగా చేసేది నేరుగా కాదు, గాలి ద్వారా. గాలి ఎంత వేడెక్కితే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 4.8 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలిగితే, 20 డిగ్రీల దగ్గర అదే గాలికి 17.3 గ్రాములు పడతాయి. బయట పొగమంచు కమ్మి, గాలిలో తేమ 100 శాతం ఉన్న 0 డిగ్రీల ఉదయాన ఆ గాలిని గదిలోకి రానిచ్చి, హీటరుతో 20 డిగ్రీలకు వేడిచేశామనుకోండి. అందులోని నీరు అదే 4.8 గ్రాములు, కాని పట్టే సామర్థ్యం 17.3 గ్రాములకు పెరిగింది. కాబట్టి తేమ సుమారు 28 శాతానికి పడిపోతుంది. కిటికీ అద్దం మీద మంచు నీరు కారుతుండగానే లోపల కూర్చున్నవాని పెదవులు ఎండడంలోని వింత ఇదే.

హీటరు లేని ఇంట్లో కూడా ఈ లెక్క తప్పదు. చర్మపు ఉపరితలం సాధారణంగా 30 డిగ్రీలకు కాస్త పైనే ఉంటుంది. బయటి చల్లని గాలి దాన్ని తాకిన క్షణంలోనే వేడెక్కి, అంతకంత దాహంతో చర్మంలోని నీటిని లాగుతుంది. వీచే గాలైతే చర్మాన్ని అంటిపెట్టుకుని ఉన్న కొద్దిపాటి తేమ పొరను ఎప్పటికప్పుడు ఊడ్చుకుపోతుంది కాబట్టి నష్టం రెట్టింపవుతుంది. వీటికి తోడు సిమెంటులో ముఖ్యమైన కొవ్వు పదార్థాల పరిమాణమే చలికాలంలో తగ్గుతుందని, వయసుతో పాటు కూడా తగ్గుతూ పోతుందని 1990లలో జరిగిన కొలతల్లో తేలింది. ఖర్చు పెరిగిన రోజుల్లోనే అడ్డుకట్ట పలచబడుతుందన్నమాట. పెద్ద వయసువారికి చలికాలం రెండింతలు కష్టమవడం ఇందువల్లే.

పొట్టు, దురద

పొట్టును మనం ఎండిన చర్మం రాలిపోవడంగా చూస్తాం. నిజానికి అది రాలవలసినట్టు రాలకపోవడం. ఆరోగ్యంగా ఉన్న చర్మం నుంచి కూడా ప్రతిరోజూ లెక్కలేనన్ని కణాలు ఊడిపోతూనే ఉంటాయి, కాని ఒక్కొక్కటిగా, కంటికి కనిపించకుండా. కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే బంధాలను కొన్ని ఎంజైములు క్రమంగా తెంచుతూ ఉంటాయి. ఆ ఎంజైములు పనిచేయడానికి నీరు కావాలి. నీరు తగ్గిపోతే బంధాలు తెగవు, కణాలు గుంపులు గుంపులుగా అంటుకునే ఉండి, చివరికి కంటికి కనిపించే పొలుసులుగా లేస్తాయి. వాటిని పీచుతోనో రాతితోనో గట్టిగా రుద్ది వదిలించుకున్నామన్న తృప్తి రెండు రోజులకు మించి నిలవదు. రుద్దుడుతో గోడ ఇంకా దెబ్బతింటుంది. దెబ్బను పూడ్చడానికి కింది కణాలు హడావుడిగా పైకి వస్తాయి. హడావుడిలో వచ్చిన కణాలు పూర్తిగా పరిపక్వం చెంది ఉండవు కాబట్టి కొత్త గోడ పాతదానికంటే నాసిగా కట్టుబడుతుంది. పొడిబారిన చర్మం తనంతట తాను ఇంకా పొడిబారడానికి దారి వేసుకునేది ఇలాగే.

చలికాలపు దురదను ఒక ప్రత్యేకమైన బాధగా గుర్తించి వైద్య పత్రికలో వర్ణించిన తొలి వ్యక్తి లూయీ డూరింగ్ అనే అమెరికన్ చర్మవైద్యుడు, అది 1874లో. దద్దుర్లేమీ లేకుండానే కాళ్లు, తొడలు దురదపెట్టడం, బట్టలు విప్పి పడుకునే వేళకు అది ముదరడం, ఎండలు రాగానే మాయమవడం ఈ దురద లక్షణాలు. గోకితే వచ్చే గీరలు గోడలో మరిన్ని రంధ్రాలు చేస్తాయి. పట్టించుకోకుండా వదిలేస్తే పెద్దవారి కాళ్ల మీద ఎండిన చెరువు అడుగులాగా నెరియలు విచ్చి, సందులు ఎర్రబడతాయి. అప్పటికి అది కేవలం పొడిబారడం కాదు, ఒక రకం ఎగ్జిమా. దానికి క్రీము ఒక్కటే చాలకపోవచ్చు.

నీరే నీటికి శత్రువైన చోట

చర్మానికి కావలసింది నీరే అయితే, వేడినీళ్లలో అరగంట నానితే మేలు జరగాలి కదా అన్న సందేహం సహజం. జరిగేది అందుకు విరుద్ధం. కణాల లోపలి సహజ తేమకారకం నీటిలో కరిగేది. ఎక్కువసేపు నానితే అది కడుక్కుపోతుంది. వేడి పెరిగిన కొద్దీ సిమెంటులోని కొవ్వు సడలి, సబ్బుతో కలిసి మరింత సులువుగా జారిపోతుంది. స్నానం కాగానే చర్మం పీల్చుకున్న అదనపు నీరు క్షణాల్లో ఆవిరైపోతుంది, దాన్ని పట్టి ఉంచవలసిన పదార్థాలు మాత్రం అప్పటికే కాలువలో కలిసిపోయి ఉంటాయి. జమ అయినట్టు కనిపించి, మొత్తం మీద నష్టం తేలే వ్యాపారం ఇది. రోజంతా గిన్నెలు తోమే చేతులు, మాటిమాటికీ నాలుకతో తడిపే పెదవులు తడిలోనే ఉంటూ ఎండిపోవడానికి కారణం కూడా ఇదే.

సబ్బు సంగతి ఇంకొంచెం వివరంగా చూడాలి. చర్మపు ఉపరితలం స్వతహాగా కొద్దిగా ఆమ్ల స్వభావంతో ఉంటుంది. ఆమ్ల, క్షార స్వభావాలను కొలిచే పీహెచ్ లెక్కలో అది సుమారు 4.5 నుంచి 5.5 వరకు (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం). క్షారంతో నూనెను ఉడికించి చేసే సంప్రదాయ సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. సెరమైడ్లను సిద్ధం చేసే ఎంజైములకు ఆమ్ల వాతావరణం కావాలి. కణబంధాలను తెంచే ఎంజైములు క్షార వాతావరణంలో రెచ్చిపోతాయి. కాబట్టి సబ్బు మురికితోపాటు కాస్త సిమెంటును కడిగేయడమే కాక, కొత్త సిమెంటు తయారీని మందగింపజేసి, ఉన్న గోడను వదులు చేస్తుంది. స్నానం తరువాత చర్మం లాగినట్టుండడాన్ని శుభ్రతకు గుర్తుగా భావించేవారున్నారు. అది నిజానికి నష్టానికి గుర్తు.

కనుక చలికాలంలో గోరువెచ్చని నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల స్నానం చాలు. సబ్బును చంకలు, గజ్జలు, పాదాలు వంటి అవసరమైన చోట్లకు పరిమితం చేసి, చేతులకూ కాళ్లకూ వట్టి నీరు సరిపెట్టడం వల్ల శుభ్రతకు లోటేమీ రాదు. ఒళ్లంతా ఏదో ఒకటి రాయనిదే స్నానం చేసినట్టనిపించని వారు, చూడడానికి సబ్బు బిళ్లలాగే ఉన్నా కృత్రిమ శుద్ధికారకాలతో తయారై, పీహెచ్ 5.5 దగ్గర ఉండే రకాన్ని వాడుకోవచ్చు. ఒళ్లు తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే, అంటే మూడు నిమిషాల లోపల, పూయవలసినది పూయాలి. నా ఉద్దేశంలో ఈ వ్యాసంలోని సలహాలన్నిటిలో ఒక్కటే పాటించగలిగినవారు దీన్ని ఎంచుకోవాలి. పూసే పదార్థం ఏదన్నది దీని తరువాతి మాట. నీరు ఉన్నప్పుడు మూత పెట్టడానికీ, నీరంతా ఆవిరైపోయాక మూత పెట్టడానికీ ఉన్న తేడా బ్లాంక్ ప్రయోగంలోని ఎండిన చర్మపు ముక్కే చెప్పింది.

పూతల్లో మూడు పనులు

మాయిశ్చరైజర్ అన్న పేరుతో వచ్చే ప్రతిదీ మూడు పనుల్లో ఒకటో రెండో చేస్తుంది. గ్లిజరిన్, యూరియా, లాక్టిక్ ఆమ్లం, హైయలూరానిక్ ఆమ్లం వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. పెట్రోలియం జెల్లీ, మినరల్ ఆయిల్, మైనం, సిలికోన్ల వంటివి నీరు పోకుండా మూత వేస్తాయి. మిగిలినవి, ముఖ్యంగా కొన్ని మొక్కల నూనెలు, కొవ్వు పదార్థాలు, లేచిన పొలుసుల మధ్య సందులను పూడ్చి చర్మాన్ని చేతికి నున్నగా తగిలేట్టు చేస్తాయి. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే నునుపు ఈ మూడో పని ఫలితం. అది పది నిమిషాల్లో వస్తుంది కాబట్టి మనకు నమ్మకం కలిగిస్తుంది, కాని గోడ బాగుపడిందనడానికి సాక్ష్యం కాదు.

నీటిని పట్టేవాటిలో గ్లిజరిన్‌కు దక్కవలసినంత గౌరవం దక్కలేదు. అది చర్మంలో సహజంగానే ఉంటుంది. గ్లిజరిన్‌ను కణాల్లోకి చేరవేసే ఒక ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల చర్మం పొడిబారి, సాగే గుణం కోల్పోయిందని, వాటికి గ్లిజరిన్ అందించగానే ఆ లోపాలు సరయ్యాయని 2003లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపింది. అయితే చిక్కని గ్లిజరిన్‌ను ఒక్కదాన్నే పూసి, పైన మూత లేకుండా పొడిగాలిలోకి వెళితే అది పట్టిన నీరు నిలవదు. చెమ్మ మీద పూయడం, దాని మీదో దానితో కలిపో జిడ్డు పొర ఉండడం రెండూ అవసరం. మంచి క్రీము చేసే పనంతా ఈ రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టడమే.

మూత వేసేవాటిలో పెట్రోలియం జెల్లీని మించినది ఇంతవరకు రాలేదు. మందంగా పూసిన చోట అది నీటి నష్టాన్ని దాదాపు 98 శాతం వరకు అడ్డుకుంటుంది. దీని పుట్టుక చమురు బావుల దగ్గర జరిగింది. రాబర్ట్ చీస్‌బ్రో అనే అమెరికన్ రసాయనవేత్త, పెన్సిల్వేనియాలోని చమురు బావుల యంత్రాలకు పేరుకుని కార్మికులను విసిగించే నల్లని మైనాన్ని చూసి, దాన్నే శుద్ధి చేసి, వాసెలిన్ పేరుతో 1872లో పేటెంట్ పొందాడు. చమురు నుంచి వచ్చింది కదా, చర్మానికి ఊపిరాడనివ్వదు కదా అన్న భయాలకు ఆధారం లేదు. చర్మం ఊపిరితిత్తుల్లా గాలి పీల్చి బతికేది కాదు, పైగా ఇది సువాసనలు, నిల్వకారకాలు ఏవీ అక్కర్లేని పదార్థం కాబట్టి అలర్జీ కలిగించడం చాలా అరుదు. ఇది చర్మం మీద వట్టి రేకులా పడి ఉండదని, పై పొర సందుల్లోకి ఇంకుతుందని, దాని కింద గోడ మరమ్మతు ఆగకుండా సాగుతుందని 1992లో ఎలియాస్ బృందమే చూపింది. దీని లోపమల్లా జిడ్డు. పగలు ఎవరూ ఇష్టపడరు. కాళ్లకు, మడమలకు, చేతులకు రాత్రి పూట వాడుకోవడం తేలికైన ఒప్పందం.

సెరమైడ్ క్రీముల గురించి ఇప్పుడు ఎక్కువ ప్రచారం జరుగుతోంది. ఆలోచన మంచిదే: సిమెంటు పోయిన చోట సిమెంటే పెట్టడం. కాని 1993లో ఎలుకల మీద జరిగిన పరీక్షలు ఒక మెలిక చూపాయి. గోడను కావాలని దెబ్బతీసి, సెరమైడ్, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాల్లో ఏ ఒక్కదాన్నో, ఏ రెండింటినో పూస్తే మరమ్మతు ఆలస్యమైంది. మూడూ కలిపి పూసినప్పుడే మామూలుగా సాగింది. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాల్లో సెరమైడ్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, మిగిలిన రెండూ ఉన్నాయో లేదో వెనుక చిన్న అక్షరాల్లో చూడాలి.

మొక్కల నూనెలన్నీ ఒకటి కావు. ఆలివ్ నూనెలో అధికంగా ఉండే ఒలీక్ ఆమ్లం చర్మపు సిమెంటు అమరికను చెదరగొట్టగలదు. 2013లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో కొందరు పెద్దవారి ముంజేతులకు ఆలివ్ నూనెను కొన్ని వారాలపాటు పూయగా గోడ బలహీనపడి, కొద్దిగా ఎర్రదనం కూడా వచ్చింది. లినోలిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్న పొద్దుతిరుగుడు నూనె మాత్రం గోడను చెడగొట్టకుండా తేమను మెరుగుపరచింది. కొబ్బరి నూనె, మినరల్ ఆయిల్‌లను పోల్చి 34 మంది మీద చేసిన 2004 నాటి పరీక్షలో రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి. ఇవి చిన్న పరీక్షలే కాబట్టి వీటి మీద కోటలు కట్టనక్కర్లేదు గాని, సహజమైనదేదైనా చర్మానికి మంచిదే అన్న మాట నిలవదని చెప్పడానికి చాలు. ఇంకొక సంగతి, స్నానానికి ముందు నూనె రాసి, ఆ తరువాత సబ్బుతో దాన్నంతా వదలగొట్టుకుంటే వేసిన మూతను మనమే తీసేసినట్టు.

సాధారణంగా లోషన్‌లో నీరు ఎక్కువ, క్రీములో తక్కువ, ఆయింట్‌మెంట్‌లో ఇంకా తక్కువ. పంపు నొక్కితే జారే లోషన్ ఎండాకాలానికి హాయిగా ఉంటుంది. చలికాలపు కాళ్లకు గిన్నెలోంచి వేలితో తీయవలసినంత చిక్కని క్రీము కావాలి. పరిమళం లేనిదాన్ని ఎంచుకోవడం మంచిది, ఎందుకంటే దెబ్బతిన్న గోడ గుండా సుగంధ ద్రవ్యాలూ, కొన్ని నిల్వకారకాలూ లోపలికి చేరి అలర్జీ తెప్పిస్తాయి. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే నిల్వకారకాన్ని ఒంటికి పూసి వదిలేసే ఉత్పత్తుల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2017లో నిషేధించడానికి కారణం ఇటువంటి అలర్జీలే.

చాలామందికి క్రీములు ఫలించకపోవడానికి కారణం క్రీము కాదు, పరిమాణం. చర్మవైద్యులు వాడే కొలత ఒకటుంది: పెద్దవారి చూపుడు వేలి చివరి గీత నుంచి వేలి కొస దాకా ట్యూబులోంచి పిండితే వచ్చే క్రీము సుమారు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. ఒక కాలికి ఇలాంటివి ఆరు, ఒక పాదానికి రెండు పడతాయి. అంటే పాదాలతో సహా రెండు కాళ్లకు ఒకసారి పూయడానికి 8 గ్రాములు. రోజుకు రెండుసార్లయితే 16 గ్రాములు. ఈ లెక్కన 50 గ్రాముల ట్యూబు మూడు రోజులు వస్తుంది. అదే ట్యూబు చలికాలమంతా వచ్చిందంటే, పూసింది చర్మానికి కాదు, మనశ్శాంతికి.

చేతులు, పెదవులు, మడమలు

చేతులు కడుక్కోక తప్పదు. కడిగిన ప్రతిసారీ క్రీము రాసుకోవడమే మార్గం. చేతులకు మురికి కనిపించనప్పుడు, మాటిమాటికీ సబ్బుతో కడగడం కంటే గ్లిజరిన్ కలిసిన ఆల్కహాల్ ద్రావణంతో రుద్దుకోవడమే చర్మానికి తక్కువ హాని. పగుళ్ల మీద అది చురుక్కుమంటుంది కాబట్టి అదే చెడ్డదనిపిస్తుంది. మంటకు కారణం అంతకుముందే పడిన పగుళ్లు. తడిపనికి చేతి తొడుగులు వేసుకోవాలి, రబ్బరు లోపల పలచని నూలు తొడుగు ఉంటే చెమటకు నానకుండా ఉంటాయి. పెదవుల మీది పొర మరీ పలచన. మెంథాల్, కర్పూరం కలిపిన పూతలు చల్లగా తగిలినా కొందరిలో మంట పెంచి, మళ్లీ మళ్లీ పూయాలనిపించేలా చేస్తాయి. వట్టి పెట్రోలియం జెల్లీ చాలు.

మడమల విషయం వేరు. అక్కడి పొర అసలే మందం, తైలగ్రంథులు లేవు, పైగా ఒంటి బరువంతా దాని మీదే. ఎండిన మందపాటి చర్మం బరువుకు సాగలేక చీలుతుంది. 5 నుంచి 10 శాతం యూరియా ఉన్న క్రీము తేమను పడుతుంది. 20 శాతం దాటితే గట్టిపడిన పొరను మెత్తబరచి ఊడేలా చేస్తుంది, కాబట్టి మడమలకు ఎక్కువ గాఢత, మిగతా చోట్లకు తక్కువ గాఢత వాడాలి. రక్తం చెమ్మగిల్లే పగుళ్ల మీద యూరియా మండుతుంది. ముందు నాలుగు రోజులు జెల్లీ రాసి, మేజోళ్లు తొడుక్కుని పడుకున్నాక దాన్ని మొదలుపెట్టడం మేలు. మధుమేహం ఉన్నవారు మాత్రం మడమలను రాతితో రుద్దడం, బ్లేడుతో చెక్కడం ఎంతమాత్రం చేయకూడదు. స్పర్శ తగ్గిన పాదంలో పడిన చిన్న గాయం తెలియకుండానే పుండవుతుంది.

ఎక్కువ నీళ్లు తాగితే చర్మం తేమగా ఉంటుందన్నది అందరూ చెప్పే మాట. ఒంట్లో నీరు తగ్గినవారికి అది నిజమే. మామూలుగా తాగుతున్నవారు ఇంకో రెండు లీటర్లు అదనంగా తాగినందువల్ల పై పొర మారుతుందనడానికి గట్టి ఆధారం లేదు. గదిలో తేమ 40 శాతం దగ్గర ఉండేలా హ్యూమిడిఫైయర్ (గాలిలోకి నీటి తేమను వదిలే యంత్రం) పెట్టుకుంటే మేలే, కాని దాని నీటి తొట్టిని తరచూ కడగకపోతే బూజునూ సూక్ష్మజీవులనూ గాలిలోకి చిమ్ముతుంది. ఉన్ని బట్టలు నేరుగా ఒంటికి తగలకుండా లోపల నూలు బట్ట వేసుకోవాలి.

ఎవరూ అంతగా చెప్పని ఒక ప్రమాదం నిప్పు. పెట్రోలియం జెల్లీ గాని, క్రీములు గాని ఒంటి మీద నుంచి బట్టలకు, దుప్పట్లకు అంటి ఇంకిపోతాయి. అలా ఇంకిన బట్ట నిప్పు తగిలితే మామూలు బట్ట కంటే చాలా వేగంగా అంటుకుంటుంది. బ్రిటన్‌లోని మందుల నియంత్రణ సంస్థ 2018లో ఈ హెచ్చరికను పారాఫిన్ (పెట్రోలియం జెల్లీ వంటి చమురు పదార్థం) లేని పూతలకు కూడా విస్తరింపజేసింది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. మందంగా పూత పూసుకున్నవారు, ముఖ్యంగా మంచం దిగలేని పెద్దవారు, చలిమంటకూ సిగరెట్టుకూ దూరంగా ఉండాలి.

రెండు మూడు వారాలపాటు పైన చెప్పినట్టు చేసినా దురద నిద్ర చెడగొడుతుంటే, పగుళ్ల నుంచి రసి కారుతుంటే, ఎర్రని మచ్చలు పాకుతుంటే చర్మవైద్యుని చూడాలి. కొన్ని మందులు కూడా చర్మాన్ని ఎండబెడతాయి: మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ అందుకు పేరుపొందింది, మూత్రం ఎక్కువగా వచ్చేందుకు ఇచ్చే మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు కొందరిలో ఆ పని చేస్తాయి. ఇలాంటి మందులు వాడుతున్నవారు వాటిని తమంతట తాము ఆపకుండా, రాసిచ్చిన వైద్యునికే ఆ సంగతి చెప్పాలి. ఇక చలి తగ్గి, గాలిలో తేమ పెరిగి, అందరి చర్మమూ కోలుకున్నాక కూడా ఒకరి చర్మం మాత్రం పొడిగానే ఉండి, దానితోపాటు అలసట, బరువు పెరగడం, అతిగా చలివేయడం వంటివి ఉంటే అక్కడ నేరం గాలిది కాకపోవచ్చు. థైరాయిడ్, మూత్రపిండాలు, మధుమేహం, ఈ మూడింటికీ సంబంధించిన రక్తపరీక్షలు చేయించుకోవలసి ఉంటుంది.